గైడ్ మీద ఫిర్యాదు చేస్తే వీసా పోతుందా?

ప్రశ్న: అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్. చదువుతున్నాను. నా ఫీజు, నెల ఖర్చులు అన్నీ ల్యాబ్ ప్రొఫెసర్ ఇచ్చిన అసిస్టెంట్‌షిప్‌తోనే గడుస్తున్నాయి. కొన్ని నెలలుగా ఆయన రాత్రిళ్లు అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నారు. ఒంటరిగా ఉంటే మీద చెయ్యి వేస్తున్నారు. ఫిర్యాదు చేస్తే వీసా పోతుందేమోనని టెన్షన్. ఇంట్లో చెబితే చదువు మానేసి వచ్చేయమంటారు. - ఒక పాఠకురాలు

జవాబు: మీ వీసా ఆయన చేతిలో లేదమ్మా. మీ స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా, ఫుల్‌టైమ్ చదువు మీద, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) ఉన్న మీ రికార్డు మీద నిలబడుతుంది. ఆ రికార్డు చూసేది యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి. వేధింపులపై ఫిర్యాదు చేయడం స్టేటస్ ఉల్లంఘన కాదు. ఈ ఒక్క భయంతోనే ఎంతోమంది నెలల తరబడి నోరు మెదపరు. వేధించేవాళ్లకూ ఆ సంగతి తెలుసు.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆయన మొహం చూడలేక డీఎస్‌ఓకి చెప్పకుండా కోర్సు డ్రాప్ చేస్తే స్టేటస్ నిజంగానే చిక్కులో పడుతుంది. చదవలేని స్థితిలో ఉంటే డాక్టరు లేదా లైసెన్సున్న సైకాలజిస్టు లెటర్‌తో ముందే డీఎస్‌ఓ అనుమతి అడగండి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు కోర్సు లోడ్ తగ్గించుకోవచ్చు.

చదువుల్లో లింగ వివక్షను, లైంగిక వేధింపులను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థలకు వర్తిస్తుంది. అది మీ పౌరసత్వం అడగదు. రాతపూర్వక ఫిర్యాదు పెట్టకపోయినా యూనివర్సిటీలో ఈ చట్టం అమలు చూసే టైటిల్ నైన్ కోఆర్డినేటర్‌ను కలిసి ల్యాబ్ మార్పు, వేరే గైడ్ అడగవచ్చు. అసిస్టెంట్‌షిప్ వేరే నిధుల నుంచి కొనసాగించమని మెయిల్‌లోనే అడగండి. ఇస్తారని నేను హామీ ఇవ్వలేను, కానీ అడిగినట్టు రుజువు ఉంటుంది. అధికారిక ఫిర్యాదు ఇస్తే మీ పేరు ఆయనకు తెలుస్తుంది. అది తెలిసే నిర్ణయం తీసుకోండి. ఫిర్యాదు చేశారని కక్ష సాధిస్తే అదీ చట్టవిరుద్ధమే. యూనివర్సిటీ పట్టించుకోకపోతే అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి వెళ్లవచ్చు. మామూలుగా ఘటన జరిగిన 180 రోజుల్లోపు వెళ్లాలి.

ముందు ఎవరితోనైనా చెప్పుకోవాలంటే కౌన్సెలింగ్ సెంటర్ మంచిది, అక్కడ చెప్పింది గోప్యంగా ఉంచుతారు. వేరే ప్రొఫెసర్‌కి చెబితే, చాలా చోట్ల వాళ్లు రిపోర్టు చేయక తప్పదు. ఇంట్లో ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. మీరు మేజర్ కాబట్టి యూనివర్సిటీ మామూలుగా మీ అనుమతి లేకుండా వాళ్లకు చెప్పదు.

ఆ మెసేజ్‌లు మాత్రం ఎంత అసహ్యమేసినా డిలీట్ చేయకండి. తేదీ, టైము, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి యూనివర్సిటీ మెయిల్‌కి కాదు, మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. చెయ్యి వేసిన ప్రతిసారీ ఆ రోజే ఎక్కడ, ఎప్పుడు, ఎవరున్నారో రాసి పెట్టుకోండి.