ఎల్ నినో వస్తే వరంగల్ వైపు కరువు తప్పదా?

"ఈ ఏడు ఎల్ నినో అంటున్నారు, ఉత్తర తెలంగాణకు కరువు తప్పదా?" అని అడిగారు. తప్పదనే మాటను నేను ఒప్పుకోను. ఎల్ నినో అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమి, తూర్పు భాగాల నీళ్లు మామూలు కంటే వేడెక్కడం. 1997లో అవి విపరీతంగా వేడెక్కినా దేశంలో నైరుతి వానలు సగటులో 102 శాతం పడ్డాయి. అంతకంటే బలహీనమైన ఎల్ నినో వచ్చిన 2002లో 19 శాతం లోటు ఏర్పడింది. ఎల్ నినో వానలను మొత్తం మీద తగ్గించే మాట నిజమే గాని, మా చెలకల్లో పంట నిలిచేదీ లేనిదీ బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏ కార్తెలో లేస్తాయన్న దానిపైనే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

2023 కూడా ఎల్ నినో సంవత్సరమే. ఆ జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మి.మీ. వాన నమోదైంది, రాష్ట్రమంతటికీ ఏడాది సగటే 900 మి.మీ. చుట్టూ ఉంటుంది. అదే వైపున్న మా ఊళ్లో తెల్లవారేసరికి చెరువు మత్తడి దుంకుతోంది, పత్తిచేనులో మొక్కల కొసలు మాత్రమే ఎర్రనీటిపై కనిపిస్తున్నాయి. ఇక కరువు మాట లేదని నేను సంబరపడితే, గట్టు మీద నిలబడిన మా బాపు, "నీళ్లు చూసి మురవకు బిడ్డా, మఖ ఎట్లుంటదో చూడు" అన్నాడు.

ఆగస్టు నడుమ మఖ కార్తె వచ్చేసరికి చినుకు లేదు. వానలు తెచ్చే అల్పపీడన పట్టీ అయిన రుతుపవన ద్రోణి హిమాలయాల వైపు జరిగి అక్కడే ఉండిపోవడంతో, 1901 నుంచి దేశం చూడనంత పొడి ఆగస్టు గడిచింది. జాలు పట్టిన చేనులో వేళ్లు లోతుకు దిగలేదు. పైమట్టి పెచ్చుకట్టి, నీళ్లలో బతికి బయటపడ్డ మొక్కలే మధ్యాహ్నానికి తలలు వాల్చేవి. దిగువన చెరువు నిండుగానే ఉన్నా, ఎగువనున్న మా చెలకకు ఆ నీరు ఎక్కదు. టీవీల వారు జూన్‌లో కరువనీ, జూలైలో జలప్రళయమనీ అరిచారు గాని, ఆగస్టులో మా వైపు తొంగి చూసిన వారు లేరు.

మూడెకరాల్లో పదకొండు క్వింటాళ్ల పత్తి మాత్రమే తీశాము. నష్టపరిహారం కోసం వెళితే, సీజన్ మొత్తం లెక్క చూసి "మీ మండలంలో అధిక వర్షపాతం" అని కాగితం చూపించారు.