కళ్ళంలో మూకీ వేసేముందు

చిన్నా,

చీపురుపల్లి పక్కన మన కళ్ళంలో రైతు బతుకు మీద తీసిన పాత మూకీ వేస్తావంటగా, మీ అమ్మ చెప్పింది. ఛాతీ పొంగింది. భయమూ వేసింది.

ఆ భయమేటో ముందు చెప్తాను. ప్రింటు వెడల్పు 35 ఎం.ఎం. అయితే నైట్రేట్ కావొచ్చు, అంటే పూర్వం వాడిన, ఇట్టే అంటుకునే ఫిల్మ్. అది అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు, గాలి లేకపోయినా మండుతాది. ప్రొజెక్టర్ ఎక్కించకు, పూణేలోని ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయి. 16 ఎం.ఎం. అయితే సేఫ్టీ ఫిల్మే, అంత తేలిగ్గా అంటుకోదు. డబ్బా మూత తీసి వాసన చూడు. వెనిగర్ కంపు కొడితే ఫిల్మ్ పాడై కుంచించుకుపోతున్నట్టు, 100 ఫ్రేములు పరిచి కొలిచి చూడు. కొత్త ఫిల్మయితే 76.2 సెంటీమీటర్లుంటాది. అందులో 7, 8 మిల్లీమీటర్లు తగ్గితే ఫిల్మ్ అంచు కన్నాలు చిరుగుతాయి, వెయ్యకు.

తెర, స్టెబిలైజర్, స్పేర్ బల్బు నీకు తెలిసినవే.

అసలు తప్పు వేగం దగ్గర జరుగుతాది. ప్రొజెక్టర్ స్విచ్ సౌండ్ మీద ఉంటే సెకనుకి 24 ఫ్రేములు పరిగెడతాయి. మూకీలు చాలావరకు చేత్తో కెమేరా తిప్పి, 16కీ 20కీ మధ్య తీసినవి. 24లో వేస్తే అరక దున్నేవాడు గెంతుతాడు, ముసలమ్మ పరుగెత్తుతాది, జనం విరగబడి నవ్వుతారు. స్వేచ్ఛ కోసం అల్లాడే రైతుని చూసి మన రైతులు నవ్వడమేటిరా! నాకదే బెంగ. స్విచ్ సైలెంట్‌కి తిప్పి 18లో పెట్టు. 400 అడుగుల రీలు 24లో 11 నిమిషాలకే అయిపోతాది, 18లో పావుగంట దాకా వస్తాది. గడియారం పెట్టి చూసుకో. తూర్పారపట్టే సీనుంటే గింజ రాలే తీరు చూడు. మన కళ్ళంలో రాలినట్టే ఉంటే సరిపోయినట్టు. లైటుకి అడ్డంగా తిరిగే షట్టర్‌కి మూడు రెక్కలుండాలి. రెండే ఉంటే 18లో బొమ్మ మిణుకుతాది, పెద్దోళ్ళకి తలనొప్పి. లైటు వెలుగుతుండగా ఫిల్మ్ గేటులో, అదే లెన్సు వెనక లైటు పడే చోట, ఆపేవో, ఆ ఫ్రేము కాలిపోతాది.

టైటిల్ కార్డులు, అదే బొమ్మల మధ్య తెర మీద పడే రాతలు, ముందే తెలుగులో రాసుకుని, మనూరి మాటలో గట్టిగా చదివించు. వాయిద్యానికి జముకు ఒక్కటి చాలు. తప్పెటగుళ్ళు వద్దు, ఆ ఊపులో బొమ్మెవరూ చూడరు.

పొద్దుపోయేకొద్దీ మంచు దిగి లెన్సు మసకబారుతాది. ఏడింటికే మొదలెట్టు. చెవులకి మఫ్లర్ కట్టుకోరా, నీకు ఊరికే జలుబు పట్టేస్తాది.

మీ పెద్ద మావయ్య