సరంగు చిన్న మాట కాదు

సందేహం: మా ముత్తాతగారు కొవ్వూరు–రాజమండ్రి రేవులో లాంచీ సరంగు. ఆయన తమ్ముడు రైల్వేలో కలాసీ, మేనల్లుడు కీమన్. మా కుటుంబ చరిత్ర రాస్తున్నాను. ‘సరంగు’ చిన్నతనంగా ఉంది, ‘కెప్టెన్’ అని రాయమంటున్నారు పిల్లలు. కీమన్‌ను ‘తాళాలవాడు’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, కొవ్వూరు

సమాధానం: సరంగు చిన్నతనమని మీ పిల్లలకు ఎవరు చెప్పారండీ? అది పారసీకంలోని ‘సర్‌హంగ్’. ‘సర్’ అంటే తల, ‘హంగ్’ అంటే దండు. దండుకు తలకాయ వంటివాడు! ఇరాన్ సైన్యంలో ఈనాటికీ కల్నల్‌ను సర్‌హంగ్ అనే పిలుస్తారు. సర్దారులో, సర్కారులో ఉన్నదీ ఆ ‘సర్’ శబ్దమే. మన ‘శిరస్సు’కు అది దాయాది. ఇంతకూ కెప్టెన్ మాట ఎక్కడిది? లాటిన్‌లో తలను చెప్పే శబ్దం నుంచి వచ్చింది. తల తీసేసి తలే పెడతామంటే ఏం లాభం? క్రికెట్ జట్టుకూ, విమానానికీ, లాంచీకీ ఆ ఒక్క మాటే అంటగట్టడం ఈ మధ్య పట్టిన జాడ్యం. ఆయన చేతిలోని చుక్కాని కూడా అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చిందే. సంస్కృతమే కావాలంటే ‘కర్ణధారుడు’ ఉంది. అక్కడ కర్ణమంటే చెవి కాదు, చుక్కాని. కానీ రేవులో ఆ మాటతో పిలిస్తే ఎవరు పలుకుతారు?

ఒక్క చిక్కుంది. సముద్రపు ఓడల్లో సరంగు కలాసీల మీద, అంటే ఓడ పనివాళ్ల మీద పెద్ద, ఓడకు అధిపతి కాడు. నదిలో లాంచీ నడిపేవాడే సరంగు. రాజమండ్రి దగ్గర 1900 నాటికే రైలు వంతెన వచ్చినా, బస్సులూ బండ్లూ పోయే వంతెన 1974లో గానీ రాలేదు. అన్నాళ్లూ ఆ రేవులో సరంగు మాట చెల్లింది.

కలాసీ ఓడల మీద పాతుకున్న మాట, తర్వాత రైల్వేకు ఎక్కింది. అంటే అన్నదమ్ములిద్దరూ ఒకే నుడికారం వాళ్లు!

తాళాలవాడు మాత్రం వద్దు. కీమన్‌లోని ‘కీ’ తాళంచెవి కాదు, పట్టాను బిగించి పట్టే చీల. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన చీలల్ని కొట్టి బిగించేవాడు కీమన్. ఆ మాట అలాగే ఉంచి, ఆ నడక గురించి రెండు వాక్యాలు రాయండి.

ముత్తాతగారి పాత జీతం కాగితంలో వేరే హోదా కనిపిస్తే ముందు అదే రాయండి. పక్కనే ‘సరంగు’ కూడా ఉండనివ్వండి.