క్యాటలిటిక్ క్రాకింగ్‌లో వచ్చే నాఫ్తాను నేరుగా పెట్రోలుగా ఎందుకు అమ్మరు?

క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్ నుంచి వచ్చే నాఫ్తాకు (పెట్రోలు తయారీకి వాడే తేలిక ద్రవానికి) ఆక్టేన్ సంఖ్య, అంటే ఇంజనులో అదుపు తప్పి ముందే మండకుండా తట్టుకునే గుణానికి కొలమానం, 90 దాటుతున్నప్పుడు, దాన్నే పెట్రోలుగా అమ్మకుండా వేరే భాగాలతో ఎందుకు కలుపుతారని మీరు అడిగారు. ఉస్మానియాలో రసాయన ఇంజనీరింగ్ చదివి, ఒక రిఫైనరీలో ఈ యూనిట్ మీదే 18 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు తార్నాకలో స్థిరపడినవాణ్ణి కనుక నా అనుభవం నుంచి చెబుతాను.

ముడిచమురును వేడిచేసి వేరుచేసినప్పుడు నేరుగా దొరికే నాఫ్తా ఆక్టేన్ సాధారణంగా 60, 70 మధ్యే ఉంటుంది. క్యాటలిటిక్ క్రాకింగ్‌లో, దానికన్నా ఎంతో బరువైన గ్యాస్ ఆయిల్ అనే ముడిచమురు భాగాన్ని, మెత్తని పిండిలాంటి జియోలైట్ ఉత్ప్రేరకంతో కలిపి, సుమారు 500 నుంచి 550 డిగ్రీల వేడి ఉన్న రైజర్ గొట్టంలో రెండు మూడు సెకన్లపాటు పైకి పోనిస్తే పెద్ద అణువులు తెగి పెట్రోలు పరిమాణానికి వస్తాయి. ఉత్ప్రేరకం మీద పేరుకున్న కోకును (కార్బన్ మసిని) రీజెనరేటర్ అనే పాత్రలో కాల్చినప్పుడు పుట్టే వేడే మళ్లీ రైజర్‌ను నడిపిస్తుంది. ఇలాంటి మొదటి వాణిజ్య యూనిట్ 1942లో అమెరికాలోని బేటన్ రూజ్‌లో ప్రారంభమైంది. అంత పెద్ద యంత్రాంగం తన ఇంధనాన్ని తానే సమకూర్చుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

చిక్కు ఆ తెగడంలోనే ఉంది. తెగిన ముక్కలన్నింటికీ సరిపడా హైడ్రోజన్ ఉండదు కాబట్టి ద్విబంధాలున్న ఓలిఫిన్లు ఏర్పడతాయి. ఈ నాఫ్తాలో అవి తరచుగా పావు వంతుకు పైనే ఉంటాయి. ఆక్టేన్‌ను పెంచేవి అవే, నిల్వలో గాలి తగిలి జిగురు కట్టేవీ అవే. నెలల తరబడి సెల్లారులో వదిలేసిన నా పాత స్కూటరు కార్బురేటరులో గోధుమరంగు జిగురును స్వయంగా గీకి తీశాను. పైగా తేలికైన స్థితిలో కొలిచే రీసెర్చ్ ఆక్టేన్ 92 ఉన్నా, ఇంజను మీద భారం ఎక్కువైన స్థితిని సూచించే మోటార్ ఆక్టేన్ 80 దగ్గరే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణం సాధారణ పెట్రోలులో ఓలిఫిన్లు 21 శాతం మించరాదని, మోటార్ ఆక్టేన్ కనీసం 81 ఉండాలని, గంధకం పది లక్షల భాగాల్లో 10 దాటకూడదని చెబుతుంది. విడిగా నిలబడితే ఈ నాఫ్తా తరచుగా ఆ మూడింటిలోనూ తప్పుతుంది.

గంధకం విషయంలో ఒక రాత్రి షిఫ్టు నాకు గట్టి పాఠం నేర్పింది. గంధకం ఎక్కువున్న ముడిచమురు రావడంతో, నాఫ్తాను శుభ్రపరిచే హైడ్రోజన్ రియాక్టరు వేడిని మేము పెంచాం. తెల్లవారేసరికి గంధకం తగ్గింది, కానీ హైడ్రోజన్ ఓలిఫిన్ల ద్విబంధాలను కూడా నింపేయడంతో ఆక్టేన్ పడిపోయి ట్యాంకు పరీక్షలో తప్పింది. రిఫార్మేట్ (నాఫ్తా అణువుల నిర్మాణం మార్చి చేసే అధిక ఆక్టేన్ భాగం) కలిపి ఆక్టేన్‌ను పైకి లేపబోతే ఆరోమాటిక్స్ (బెంజీన్ వంటి వలయాకార అణువులు) 35 శాతం పరిమితికి, బెంజీన్ 1 శాతం పరిమితికి దగ్గరపడ్డాయి. అసలు మెలకువ ఏమిటంటే, గంధకం ఎక్కువగా నాఫ్తాలోని బరువైన భాగంలో, ఓలిఫిన్లు తేలికైన భాగంలో ఉంటాయి. అందుకే ముందు రెండుగా విడదీసి, బరువైనదాన్నే గట్టిగా శుభ్రం చేయాలి.

చివరికి ఆ ట్యాంకును కాపాడింది ఆల్కిలేట్. క్రాకింగ్ యూనిట్‌లోనే వెలువడే బ్యూటిలీన్ వాయువును ఐసోబ్యుటేన్‌తో ఆమ్లం సమక్షంలో కలిపి దీన్ని తయారుచేస్తారు. ఓలిఫిన్లు, ఆరోమాటిక్స్ దాదాపు లేకుండానే దీని ఆక్టేన్ 95 దగ్గర ఉంటుంది. ఆ యూనిట్ పెట్రోలుకు ఇచ్చే అతి మంచి వస్తువు నాఫ్తా కాదు, ఈ వాయువే అని నా అభిప్రాయం.

మన హైదరాబాద్ నగరానికి విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా పైపులైనులో పెట్రోలు వస్తుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక దాన్ని పైపులైనులో పంపకుండా డిపోలోనే కలుపుతారు. ఇథనాల్ ఆక్టేన్ 100 పైమాటే కాబట్టి, 20 శాతం కలిసే పెట్రోలుకు రిఫైనరీ నుంచి వచ్చే మూల మిశ్రమం కొంత తక్కువ ఆక్టేన్‌తో ఉన్నా సరిపోతుంది. అందువల్ల క్రాకింగ్ నాఫ్తాను మునుపటికన్నా గట్టిగా శుభ్రపరచుకునే వెసులుబాటు ఇప్పుడుంది.