ఎర్లాంగెన్ వెళ్తున్న అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి,

పిన్ని ఆశీస్సులు. నీకు జర్మనీలో, ఎర్లాంగెన్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన పని) వచ్చిందని అక్క మెసేజ్ పెట్టినప్పుడు క్లాసు ముగించి బయటికి వస్తున్నాను. కారిడార్‌లోనే నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. హెచ్‌సీయూలో ఆ లేజర్ టేబుల్ దగ్గర నువ్వు ఎన్ని రాత్రులు గడిపావో నాకు తెలుసు.

మొన్న ఫోన్‌లో "పిన్నీ, రెండేళ్లలో ఎన్ని పేపర్లు రావాలి?" అని అడిగావు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ లెక్క కన్నా ముందు నీకు చెప్పాల్సినది ఇంకొకటి ఉందనిపించింది. నీ చేతి నుంచి వచ్చిన కొలతని ఎవరైనా కళ్లు మూసుకుని నమ్మగలగాలి. పోస్ట్‌డాక్‌లో సంపాదించుకోవాల్సిన పేరు అదే. నేను దాన్ని దెబ్బ తిని నేర్చుకున్నాను.

నేను పోస్ట్‌డాక్ చేసిన చోట కూడా, నువ్వు చేయబోయేలాంటి సిలికాన్ నైట్రైడ్ రింగులే, అంటే చిప్ మీద వెలుగు గుండ్రంగా తిరిగే సన్నని దారులు. చేరిన నాలుగో నెలలో ఒక చిప్ మీద క్యూ ఫ్యాక్టర్ (రింగ్ వెలుగుని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) మా గ్రూపులో అప్పటిదాకా వచ్చినదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. ఆ సంతోషంలో మీటింగ్‌లో చూపించేశాను, కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ కూడా పంపేశాను. రెండు వారాల తర్వాత ఒక పీహెచ్‌డీ అబ్బాయి అదే రింగ్ కొలిస్తే సగమే వచ్చింది. తప్పు నాదే. లేజర్‌ని పవర్ ఎక్కువ పెట్టి, పొడవైన తరంగదైర్ఘ్యం నుంచి పొట్టి వైపుకి స్కాన్ చేశాను. వెలుగు లోపలికి వెళ్లగానే రింగ్ వేడెక్కుతుంది, దాని రెసొనెన్స్, అంటే రింగ్‌లో వెలుగు నిలబడే తరంగదైర్ఘ్యం, పొడవు వైపు జరుగుతుంది. అంటే లేజర్‌కి ఎదురొస్తుంది. రెండూ ఎదురెదురుగా వస్తే ఒకదాన్నొకటి చప్పున దాటేస్తాయి కదా, డిప్, అంటే గ్రాఫ్‌లో రెసొనెన్స్ దగ్గర పడే గుంట, అసలు కంటే సన్నగా కనిపిస్తుంది. డిప్ సన్నగా ఉంటే క్యూ పెద్దదన్నట్టు లెక్క. అదే రింగ్‌ని రెండో దిశలో స్కాన్ చేసి ఉంటే ఒక పక్కకి సాగిపోయిన త్రిభుజం కనిపించేది, అక్కడే నాకు అర్థమైపోయేది. అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకున్న రోజు అన్నం సహించలేదు.

అందుకే చెబుతున్నాను. ఏ రింగ్ అయినా రెండు వైపులా స్కాన్ చెయ్యి. రెండు దిశల్లోనూ డిప్ ఒకేలా వచ్చేదాకా పవర్ తగ్గించు. లేజర్ స్క్రీన్ మీద చూపించే తరంగదైర్ఘ్యాన్ని నమ్మకు. తరంగదైర్ఘ్యం ఎంత జరిగిందో కొలవడానికి పక్కనే ఒక ఫైబర్ ఇంటర్‌ఫెరోమీటర్ పెట్టుకో, వీలైతే అసిటిలీన్ గ్యాస్ సెల్ కూడా. ఆ గ్యాస్ గీతలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. చిప్ మీద బాగా వచ్చిన ఒక్క రింగ్ కాకుండా అన్నీ కొలిచి, మధ్యలో ఉన్న విలువ చెప్పు. మీటింగ్‌లో అది చిన్నదిగా కనిపించినా పర్వాలేదు.

రెండో మాట. నువ్వు ఇన్నాళ్లూ ఎక్కువగా లేజర్ పక్కన పని చేశావు, మెటీరియల్ పక్కన కాదు. ఆ లోటు ఇప్పుడే పూడ్చుకో. సిలికాన్ నైట్రైడ్ పొర 400 నానోమీటర్ల మందం దాటితే లోపలి బిగువుకి పగుళ్లు వేయొచ్చు. పొరలో మిగిలిపోయిన హైడ్రోజన్ 1520 నానోమీటర్ల దగ్గర వెలుగుని మింగేస్తుంది, దాన్ని తరిమేయడానికే చిప్‌ని 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇవన్నీ పేపర్లలో ఒక్కొక్క వాక్యంగా ఉంటాయి. ఫర్నేస్ దగ్గర నిలబడి చూస్తేనే ఒంటబడతాయి. చిప్‌లు చేసే దుమ్ములేని గది, క్లీన్‌రూమ్, టెక్నీషియన్‌కి ఆ ఫర్నేస్ గురించి మీ ప్రొఫెసర్ కన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. పొద్దున్నే వెళ్లి పలకరించు, నాలుగు జర్మన్ మాటలు నేర్చుకుని వెళ్లు. పేపర్ రాసేటప్పుడు ఆయన పేరు మర్చిపోకు.

జాగ్రత్తల గురించి అక్కకి చెప్పలేదు, భయపడుతుందని. నీకు చెబుతున్నాను. ల్యాబ్‌లోకి వెళ్లే ముందు గాజులు, ఉంగరం, వాచీ తీసెయ్యి. వాటి మీద పడి తిరిగొచ్చే కిరణం ఎటు పోతుందో చెప్పలేం. 1550 నానోమీటర్ల వెలుగు కంటికి కనపడదు కాబట్టి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ యాంప్లిఫయర్ నుంచి వచ్చే వాట్లు కంటి పైపొరని కాల్చేస్తాయి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకునే ముందు ఆ లేజర్‌కి సరిపోయేవేనా అని వాటి మీద రాసింది చదువు. ఫైబర్ కనెక్టర్‌ని పెట్టిన ప్రతిసారీ తుడువు, ఆకుపచ్చ దాన్ని నీలం దానికి ఎప్పుడూ కలపకు. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పని ఒంటరిగా చెయ్యొద్దు. అది తగిలినా వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. దానికి పూసే మందు, కాల్షియం గ్లూకోనేట్ జెల్, ఏ అరలో ఉందో మొదటి రోజే చూసుకో.

ఇక కాగితాలు. నీకిచ్చేది కాంట్రాక్టా, స్టైపెండా అని రాతపూర్వకంగా అడుగు. కాంట్రాక్ట్ అయితే పెన్షన్, నిరుద్యోగ బీమా ఉంటాయి. స్టైపెండ్‌కి సాధారణంగా ఉండవు, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా నువ్వే చూసుకోవాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకో. జర్మనీవాళ్ల హంబోల్ట్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు అప్లై చెయ్యాలి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ ఆలోచన ఉంటే ఇంకో లెక్క ఉంది. దాని గడువుకి ముందు 36 నెలల్లో నువ్వు ఆ ఫెలోషిప్ చేయబోయే దేశంలో 12 నెలలు మించి ఉండకూడదు. గడువు సెప్టెంబర్‌లో వస్తుంది, చేరే తేదీ ఖాయం చేసే ముందే వేళ్ల మీద లెక్కపెట్టుకో.

ప్రొఫెసర్‌తో ఒక మాట మొదటి నెలలోనే అడుగు: "ఈ పనిలో ఏ భాగాన్ని నేను నాతో తీసుకెళ్లొచ్చు?" అడగడానికి మొహమాటంగా ఉంటుంది. నేను మొదట్లో అడగలేదు. చివరి నెలలో అడిగితే, మిగిలినవన్నీ అప్పటికే వేరేవాళ్లకి పంచేసి ఉన్నాయి.

తిరిగి వస్తావా లేదా అన్నది నీ ఇష్టం, ఆ విషయంలో నేను ఒత్తిడి పెట్టను. అయితే దారి మూసుకోకు. మన ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కి మామూలుగా 32 ఏళ్ల లోపు అప్లై చెయ్యాలి, రామానుజన్ ఫెలోషిప్‌కి 40 లోపు. చిప్‌లు చేయడానికి మనదగ్గర చోటు లేదని ఎవరైనా అంటే నమ్మకు. బెంగళూరు ఐఐఎస్‌సీలో, ముంబై ఐఐటీలో క్లీన్‌రూమ్‌లు బయటివాళ్లకీ ఇస్తారు. మద్రాస్ ఐఐటీలో సిలికాన్ ఫోటోనిక్స్ మీద పెద్ద పనే జరుగుతోంది.

అక్కడ శీతాకాలంలో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. కిటికీ లేని ల్యాబ్ నుంచి చీకట్లోకే బయటికి వస్తావు. మధ్యాహ్నం తిన్నాక అరగంట నది ఒడ్డున నడువు, పని ఎంత ఉన్నా సరే. మనసు బాగోలేనప్పుడు అక్కకి చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మొదటి రింగ్ కొలిచాక గ్రాఫ్ నాకు పంపు. రెండు దిశల స్కాన్లూ.

మీ పిన్ని