పాత గేముల వ్యాపారానికి రిటైర్మెంట్ డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం రిటైర్ అయ్యాను. మా అబ్బాయి వీడియో గేమ్ డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో కొని అమ్మే వ్యాపారం పెద్దగా పెడతానంటున్నాడు. ఏడాదిగా తన సొంత డబ్బుతో చిన్నగా చేసి కొంత మిగిల్చాడు కూడా. ఇప్పుడు నా రిటైర్మెంట్ సొమ్ములో మూడో వంతు అడుగుతున్నాడు. పాత డిస్కు చేతులు మారితే గేమ్ కంపెనీకి పైసా రాదంటారు. మరి వాళ్లు చూస్తూ ఊరుకుంటారా? డబ్బు ఇవ్వమంటారా?

జవాబు: మూడో వంతు ఇవ్వకండి. అలాగని మొత్తానికే కాదనకండి. ఏడాదిపాటు సొంత డబ్బు పెట్టి నడిపి మిగిల్చినవాడిని తేలిగ్గా తీసుకోకూడదు. ఎంత, ఎలా ఇవ్వాలన్నది తర్వాత చెబుతాను. కంపెనీలు ఊరుకుంటాయా అన్నారు చూడండి, ఈ వ్యాపారం ఆయువుపట్టు అక్కడే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

డిస్కు ఒకసారి అమ్మేశాక దాన్ని మళ్లీ అమ్మొద్దని చెప్పే హక్కు కంపెనీకి ఉండదన్నది చాలా దేశాల్లో స్థిరపడిన న్యాయం. జపాన్‌లో గేమ్ కంపెనీలు దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2002లో ఓడిపోయాయి. కాబట్టి మీ అబ్బాయి చేసేది తప్పు పని కాదు, ఆ బెంగ పెట్టుకోకండి. అయితే ఈ న్యాయం డిస్కుకే వర్తిస్తోంది. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్‌ను కూడా తిరిగి అమ్ముకోవచ్చని పారిస్ కోర్టు 2019లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం యజమాని వాల్వ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది కానీ, 2022లో అప్పీలులో అది నిలబడలేదు.

కోర్టులో కుదరని పనిని కంపెనీలు పెట్టె లోపల చేయబోయాయి. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ తన ఆటల పెట్టెల్లో ఒక్కసారే పనిచేసే కోడ్ పెట్టడం మొదలుపెట్టింది. కొత్తది కొన్నవాళ్లు ఆ కోడ్ కొట్టి ఆన్‌లైన్‌లో ఆడుకుంటారు. అదే డిస్కు పాతది కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఆడాలంటే 10 డాలర్లు విడిగా కట్టాలి. వ్యాపారి వైపు నుంచి దీన్ని చూడండి. కొనేవాడు ఆ 10 డాలర్లూ మీ ధరలోంచే తగ్గించమంటాడు. డిస్కు మీదే, నష్టం మీదే, కోత పెట్టింది మాత్రం ఎక్కడో ఉన్న పబ్లిషర్, అంటే గేమ్‌ను విడుదల చేసే కంపెనీ. మరుసటి ఏడాది సోనీ, యూబీసాఫ్ట్ కూడా అదే దారి పట్టాయి. ఆటగాళ్లు మండిపడ్డారు. 2013లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తనే ఆ పద్ధతి ఎత్తేసింది.

అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన కొత్త కన్సోల్ (టీవీకి కలిపి గేములు ఆడే యంత్రం) ఎక్స్‌బాక్స్ వన్‌కు ఇంకా గట్టి షరతులు ప్రకటించింది. కన్సోల్ రోజుకోసారి ఇంటర్నెట్‌కు కలవాలి, పాత గేమ్ అమ్మకాన్ని ఒప్పుకోవాలో లేదో పబ్లిషరే నిర్ణయిస్తాడు. సోనీ మాత్రం తన ప్లేస్టేషన్ 4లో అలాంటి అడ్డంకులేవీ ఉండవని చెప్పి, ఒకరు ఇంకొకరి చేతికి డిస్కు అందించే చిన్న వీడియో వదిలింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

ఇక్కడితో పాత గేముల వ్యాపారం గెలిచిందని మీ అబ్బాయి అనవచ్చు. నేను అలా అనుకోవడం లేదు. ఎదురుగా వచ్చి కొడితే జనం తిరగబడతారని కంపెనీలకు తెలిసింది, అంతే. ఆ తర్వాత అవి పట్టుకున్న దారుల్లో గొడవ లేదు, కోపం తెచ్చుకోవడానికి ఆటగాడికి కారణమూ లేదు.

అన్నిటికంటే బలమైనది ధర. కంపెనీ తన ఆన్‌లైన్ దుకాణంలో పెద్ద గేమ్‌ను కొన్ని నెలలకే సగానికి తగ్గించి పెడుతుంది. మీ అబ్బాయి నిన్న కొన్న పాత డిస్కు కంటే ఇవాళ కొత్త డౌన్‌లోడ్ చవక. అరలో ఉన్న అలాంటి డిస్కులన్నీ రాత్రికి రాత్రే అసలు కంటే తక్కువ విలువకు పడిపోతాయి. డౌన్‌లోడ్ కాపీకి కంపెనీకి సరుకు ఖర్చంటూ పెద్దగా ఉండదు కాబట్టి ఎంతైనా తగ్గించగలదు. డబ్బు పెట్టి కొన్న మీ అబ్బాయి అంత తగ్గలేడు. పాత డిస్కుకు గరిష్ఠ ధర ఎంతో చెప్పేది పబ్లిషరే. నా భయమంతా దీని గురించే. తన సరుకు ధర తన చేతిలో లేని వ్యాపారానికి రిటైర్మెంట్ డబ్బు పెట్టుబడి కాకూడదు.

రెండోది సరుకు రాకడ. డౌన్‌లోడ్‌గా అమ్ముడుపోయిన ప్రతి గేమూ మీ అబ్బాయి చేతికి ఎప్పటికీ రాని డిస్కే. దానికి తోడు డిస్కు డ్రైవ్ (డిస్కు పెట్టే భాగం) లేని కన్సోళ్లు వస్తున్నాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో అది లేదు. ప్లేస్టేషన్ 5 ప్రోకు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నెలకింత కట్టి వందల గేములు ఆడుకునే గేమ్ పాస్ లాంటి చందాలదీ ఇదే ప్రభావం. కొన్న గేమే లేనప్పుడు అమ్మడానికి ఏముంటుంది? నింటెండో 2025లో తన స్విచ్ 2 కన్సోల్‌తో పాటు తెచ్చిన గేమ్ కీ కార్డు మధ్యేమార్గం. కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డును అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాడు గేమ్‌ను కంపెనీ సర్వర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ సర్వర్ ఆగితే ఏమవుతుందో 2024లో చూశాం. యూబీసాఫ్ట్ తన ‘ది క్రూ’ కారు పందేల గేమ్ సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ కావాల్సిన ఆట కావడంతో డిస్కులు ఉన్నా ఆడే వీల్లేకుండా పోయింది.

డిస్కు తెచ్చి ఇచ్చినవాడు ఆ డబ్బుతో తరచూ కొత్త గేమే కొంటాడన్నది కంపెనీలకూ తెలుసు. అందుకే పాత అమ్మకాన్ని ఒక్క దెబ్బతో చంపాలని చూస్తాయని నేను అనుకోను. ఏటేటా కొంచెం ఎండబెడతాయి. అంటే వచ్చే రెండు మూడేళ్లు మీ అబ్బాయికి సంపాదన ఉండవచ్చు, పదేళ్ల లెక్క మాత్రం వేసుకోకూడదు.

ఇక మీ డబ్బు. మీకు నెలనెలా వచ్చేదాన్ని పుట్టించే అసలును, వైద్యానికి పక్కన పెట్టినదాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలినదాంట్లో, పూర్తిగా పోయినా మీ జీవితం మారదు అనుకునే మొత్తం ఎంతో రాసుకోండి. ఇవ్వగలిగింది అంతే. అదీ ఒకేసారి వద్దు. మొదటి విడత సరుకు అమ్మి చూపించాకే రెండోది. కాగితం మీద అప్పుగా రాయించుకోండి. కన్నకొడుకుతో కాగితమేమిటని మీకు మనసొప్పకపోవచ్చు. చాలా ఇళ్లలో చూశాను, కాగితం లేనప్పుడే డబ్బు మాట ఎత్తడానికి ఇద్దరూ భయపడతారు, మాటలు తగ్గిపోతాయి.

అబ్బాయిని ఒక్కటి అడగండి: ఈ ఏడాదిలో కొన్న డిస్కు ఎన్ని రోజులకు అమ్ముడుపోయింది? లాభం ఎంత అన్నదానికంటే ఇది ముఖ్యం. నెలలోపు కదిలే సరుకైతే ధర కోత వచ్చినా దెబ్బ చిన్నదే. మూడు నెలలు అరలో కూర్చునే సరుకుకు మీ డబ్బు ఇవ్వకండి. ఏటా కొత్త ఎడిషన్ వచ్చే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ గేములు కొత్తది రాకముందే వదిలించుకోవాలి, ఆ తర్వాత వాటిని అడిగేవాళ్లు ఉండరు. ఇంటర్నెట్ లేకుండా పూర్తిగా డిస్కు మీదే నడిచే, ఒక్కరే ఆడుకునే గేములు కాస్త నిలబడతాయి. తయారీ ఆగిపోయిన పాతకాలపు కార్ట్రిడ్జ్‌లకు (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీలు) సేకర్తలు మంచి ధర ఇస్తారు కానీ, పబ్లిషర్ అదే గేమ్‌ను కొత్త రూపంలో మళ్లీ విడుదల చేస్తే ఆడుకోవడానికి కొనేవాళ్లు అటు వెళ్లిపోతారు. కన్సోళ్లు, కంట్రోలర్లు బాగుచేసి అమ్మే పని నేర్చుకుంటే ఇంకా మేలు. దానికి అతని చేతిపనే విలువ ఇస్తుంది, పబ్లిషర్ డిస్కౌంట్ అక్కడిదాకా రాదు.

డిస్కు డ్రైవ్ లేకుండానే వచ్చే తర్వాతి తరం కన్సోల్ ప్రకటన ఏదైనా వెలువడితే, ఆ రోజు నుంచి కొత్త సరుకు కొనడం ఆపి ఉన్నది అమ్ముకోవాలని ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. ఆ షరతు కూడా అప్పు కాగితంలోనే రాయించండి.