పనెటోనే పొడిగా ఉందా? ముందు వెచ్చబెట్టండి

"మిలాన్‌లో ఆఫీసువాళ్లు క్రిస్మస్‌కి ఇచ్చిన పనెటోనే కోస్తే బిరుసుగా, పొడిగా ఉంది, పారేయాలా?" అని ఒకరు అడిగారు. పనెటోనే అంటే ఇటలీవాళ్లు క్రిస్మస్‌కి తినే, కేకులాంటి తీపి రొట్టె. అప్పుడే పారేయకండి. తప్పు చలిది కావచ్చు. చల్లటి గదిలో ఉంచితే అందులోని వెన్న గట్టిపడుతుంది. కవరుతో సహా రెండు గంటలు హీటరుకు కాస్త దగ్గరగా పెట్టండి, వాసనే చెబుతుంది. తర్వాత రంపంలా పళ్లున్న కత్తితో పైనుంచి కిందికి, నిలువుగా కోయండి. మిగిలినదాన్ని గాలి తగలకుండా కట్టిపెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

వచ్చేసారి కొనేటప్పుడు అట్టపెట్టె అందం కాదు, వెనుక ఉన్న పదార్థాల జాబితా చూడండి. 2005 నాటి ఇటలీ నిబంధనల ప్రకారం పనెటోనే అని పేరు పెట్టాలంటే వెన్న కనీసం 16 శాతం ఉండాలి, పిండి సహజంగా పులియాలి. గుడ్డు సొన కూడా తప్పనిసరి కాబట్టి గుడ్డు తినని అతిథులకు ముందే చెప్పండి.

అప్పటికీ పొడిగానే ఉంటే ముక్కలను పెనం మీద దోరగా కాల్చి మస్కర్పోనే (మెత్తటి ఇటాలియన్ చీజ్) క్రీముతో వడ్డించండి. ఒక ముక్క దాచుకున్నా మంచిదే: గొంతుకు మేలని మిలాన్ వాసులు ఫిబ్రవరి 3న, సాన్ బ్యాజో అనే క్రైస్తవ సెయింటు పండుగ నాడు, మిగిలిన పనెటోనే తింటారు. నేనైతే అంతవరకు ఎప్పుడూ మిగల్చలేదు.